కూర్చున్న ఇంజిన్

“కూసోవే.”

“కూసోను.”

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన కారు వెనక సీట్లో ఒరిగి పడుకొని, పక్కనున్న కాస్త జాగాని అరచేత్తో తట్టి చూపిస్తూ ఆ మాట అన్నాడు, నేను గేటు పట్టుకొని నిలబడే ఈ మాట అన్నాను. అలా ఎందుకన్నానో ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు, అడిగి ఉన్నా చెప్పేదాన్ని కాదు. ఇప్పుడు నా అంతట నేనే చెబుతున్నాను, నా తమ్ముడి కూతురు పక్కన కూర్చొని రాస్తున్నది. నాకు సంతకం పెట్టడం వరకే అక్షరాలు వచ్చు. గొంతు కూడా పూర్వంలా లేదు, గరగరమంటుంది, మాట మధ్యలో తెగిపోతుంది. నానీ కా గలా బైఠ్ గయా అంటారు మా కూతురి పిల్లలు. నానమ్మో అమ్మమ్మో వాళ్ళకి అన్నీ హిందీలోనే. గొంతు కూర్చుందట. అంటే పోయిందని. మన భాషలో కూర్చోవడం మంచి పనే, ఇక్కడి వాళ్ళ భాషలో ఏది కూర్చున్నా అది పోయినట్టే. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకొని వినండి.

మొన్న ఇక్కడే టాటానగర్ కాసిడీహ్‌లో మన తెలుగు వాళ్ళ ఇంట్లో గృహప్రవేశం అయింది. మీలో చాలామంది వచ్చారు. భోజనాలయ్యాక మగవాళ్ళు కుర్చీలు గుండ్రంగా వేసుకొని, పూర్వం రైల్వేలో పనిచేసిన రోజులు తవ్వుకుంటుంటే, మా ఆయనతో డీజిల్ షెడ్డులో పనిచేసిన పెద్దమనిషి ఒకాయన, తల పూర్తిగా నెరిసిపోయింది గానీ నోరు మాత్రం నెరవలేదు, కూర్చున్న ఇంజిన్ కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. శ్రీకాకుళం నుంచి రైలు దిగిన ఒక బామ్మర్దికి హిందీ రాకపోతే, వాడు జుగ్సలాయి బజారులో పాడైన ఇంజిన్‌ని ఏరి కోరి కొన్నాడనీ, అది కూర్చుందని చెబితే వాడు సంతోషంతో దాని నెత్తి నిమిరాడనీ. అందరూ నవ్వారు. ఈ ఊళ్ళో మన వాళ్ళు ఆ కథకి నవ్వని పెళ్ళి లేదు, పేరంటం లేదు. కొత్తగా పెళ్ళై ఈ ఊరొచ్చిన నా మేనకోడలు కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

దాని నవ్వు చూశాక నా చేతిలోని విస్తరాకు జారిపోయింది. ఆ బామ్మర్ది దాని తండ్రి. అది దానికి తెలియదు. మర్నాడు దాన్ని కబురుపెట్టి పిలిపించి, కాగితం తెచ్చుకో అన్నాను.

మా ఆయన చాలా నవ్వించే మనిషి అని మీరందరూ ఇప్పటికీ అంటారు. నిజమే. ఎవరో ఒకరు ఏడవకుండా ఆయన ఎవర్నీ నవ్వించలేదు, అంతే. నేను పెళ్ళై టాటానగర్ స్టేషను వెనక రైల్వే క్వార్టరుకి వచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. పెద్దవాళ్ళెవరైనా ఇంటికొస్తే భాగియే, భాగియే అనాలి, దయచేయండి అని దాని అర్థం అని ఆయనే నేర్పించాడు. ఒక పండగ పూట ఆయన పై ఆఫీసరూ, ఆయన భార్యా మిఠాయి డబ్బా పట్టుకొని వస్తే, నేను తలమీద కొంగు సర్దుకొని, ఎంతో మర్యాదగా, పారిపొండి పారిపొండి అని చేతులు జోడించాను. ఆ మహాతల్లి మొహం ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది. మా ఆయన తలుపు చాటున నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. తర్వాత బైఠియే అంటే కూర్చోండి అని చెప్పాడు. మళ్ళీ మోసపోతానేమోనని నేను పక్కింటి బెంగాలీ ఆవిణ్ణి అడిగి రూఢి చేసుకున్నాను, ఆసారి నిజమే చెప్పాడు. అలా నాకు సరిగ్గా వచ్చిన మొదటి హిందీ మాట అదే, మా తమ్ముడు వచ్చినప్పుడు వాడికి నేను నేర్పిన మొదటి మాట కూడా అదే.

తమ్ముడు ఊళ్ళో ఒక పెద్ద రైతు దగ్గర ట్రాక్టరు నడిపేవాడు. ఆ రైతు కొడుకు తనే నడుపుకుంటానన్నాక వాడి పని పోయింది. కడుపుతో ఉన్న భార్యని వెంటబెట్టుకొని, ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికొచ్చాడు. వెనకవైపు రేకుల గది వాళ్ళకిచ్చాము. వాడు మాటకారి కాదు, కానీ చక్రం ఉన్నది ఏదైనా వాడి చేతిలో మెత్తగా కదిలేది. వీధిలో ఎవరి స్కూటరు మొరాయించినా వాణ్ణే పిలిచేవాళ్ళు. మా పిల్లలు మావయ్యా మావయ్యా అని వాడి వెనకే తిరిగేవారు. మా ఆయనకి అదే కంటగింపు అయిందేమో నాకు తెలియదు, ఆయన మనసు ఆయన ఎన్నడూ నాకు విప్పి చూపించలేదు.

ఆ రోజుల్లోనే మా ఆయన ఒక కారు తెచ్చాడు. గుండ్రటి వీపు ఉండే తెల్ల కారు, అప్పట్లో ఆఫీసర్లందరికీ అదే ఉండేది, మీకు తెలుసు. రిటైరై వెళ్ళిపోతున్న ఎవరో ఆఫీసరు, ఇంజిన్ పగిలిపోయిందని చవగ్గా అమ్మి దాన్ని వదిలించుకున్నాడు. దానికి పాత ఇంజిన్ ఒకటి కొని వేసి, టెల్కో కాలనీ పిల్లల్ని బడికి తిప్పడానికీ, పెళ్ళిళ్ళకీ తమ్ముడు నడుపుకుంటాడని మాట అయింది. వాడి మొహం వెలిగిపోయింది. అన్నం తింటున్న వాణ్ణి అలాగే ఉంచి, మా ఆయన ఒక మెలిక పెట్టాడు.

“ఇంజిన్ నువ్వే ఏరుకోవాలి బామ్మర్దీ. నేను షెడ్డోడిని, నేను సెప్తే నీ తెలివి ఏటి తెలుత్తాది? బండి నడిసిందా, ఇక్కడే ఉండు. నడవలేదా, పెళ్ళాన్ని ఏసుకొని రైలెక్కు.”

నవ్వుతూనే అన్నాడు. తమ్ముడు కూడా నవ్వి, సరే బావా అన్నాడు. మరదలు మాత్రం వడ్డిస్తున్న గరిట అలాగే పట్టుకొని నా వైపు చూసింది. తిరిగి వెళితే వాళ్ళకి అక్కడ పనీ లేదు, పంచా లేదు.

జుగ్సలాయిలో జరిగింది నేను చూడలేదు. మా ఆయన ఆ తర్వాత అందరి ముందూ ఆడి చూపించిందాన్ని బట్టీ, తమ్ముడు రైలెక్కే ముందు చెప్పిన నాలుగు ముక్కల్ని బట్టీ చెబుతున్నాను. పాత బళ్ళ సామాన్ల గోదాము, చీకటిగా ఇరుకుగా, నేలంతా నూనె జిగురు. లోపల ఈ కారుకి పనికొచ్చే ఇంజిన్లు రెండున్నాయి. ఒకటి ఎక్కడో గుద్దుకొని తుక్కైన టాక్సీలోంచి తీసింది, మసి పట్టి, అంచులంటా నూనె కారుతూ, చూస్తే చేయి పెట్టబుద్ధి కాదు. వ్యాపారి దాన్ని దిమ్మ మీద పెట్టి తిప్పి చూపిస్తే గోదాము దద్దరిల్లేలా మోగి, నల్లటి పొగ కక్కింది. రెండోది శుభ్రంగా తుడిచి, వెండి రంగు పూసి, గోనె పట్టా మీద పెళ్ళికూతురిలా పెట్టి ఉంది. మా తమ్ముడు దాని చుట్టూ తిరిగి, వంగి, చేత్తో చక్రం తిప్పబోతే అది కదల్లేదు. కొత్తగా రిపేరు చేసి కట్టిన ఇంజిన్లు బిగువుగా ఉంటాయి కదా, ట్రాక్టరు దగ్గర వాడు అది చూశాడు. బిగువుగా ఉంది బావా, కొత్తగా కట్టినట్టున్నారు అన్నాడు. నీకు తెలీందేటుంది అన్నాడు మా ఆయన.

అప్పుడు వాడు, అది మా కారులో సరిగ్గా అమరుతుందా అని అడగాలనుకొని, నేను నేర్పిన మాటనే పట్టుకొని, ఏ బైఠేగా అని అడిగాడట. కూర్చుంటుందా అని. వ్యాపారి నవ్వి, ఏ తో బైఠా హువా హై, ఔర్ క్యా బైఠేగా అన్నాడు. ఇది ఎప్పుడో పోయింది, ఇంకా కొత్తగా ఏం పోతుంది అని వాడి అర్థం. దాచలేదు పాపం, పక్కన షెడ్డు ఫిట్టరైన మా ఆయన నిలబడి ఉన్నాడు, విప్పదీసి బాగు చేసుకుంటారులే అనుకున్నాడు. తమ్ముడు మా ఆయన మొహంలోకి చూశాడు. మా ఆయన జర్దా పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకొని తెలుగులో చెప్పాడు.

“ఇన్నావు కదా. ఇది కూసునే ఉందంట.”

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ మాటని ఆ మాటగానే తిప్పి చెప్పాడు. తమ్ముడు ఆ వెండి రంగు ఇంజిన్ మీద చెయ్యేసి, ఇదే బావా అన్నాడు.

ఇక్కడ కాసేపు ఆగి చెప్పాలి, ఎందుకంటే నా బతుకులో తియ్యగా గుర్తున్న రోజులంటే ఆ తర్వాతి ఆదివారాలే. పెరట్లో వేపచెట్టు కొమ్మకి గొలుసు కప్పీ కట్టి, ఆ ఇంజిన్‌ని పైకెత్తి, కారు ముందు భాగంలోకి మెల్లగా దించారు బావా బామ్మర్దులిద్దరూ. వాడు పానా అందిస్తే ఈయన బిగించేవాడు. ఒక్కొక్క నట్టూ గుడ్డతో తుడిచి, నూనె రాసి, వేలితో తిప్పి చూసి బిగించేవాడు. షెడ్డులో ఎలా పనిచేసేవాడో నాకు తెలియదు గానీ, ఇంట్లో అంత శ్రద్ధగా ఆయన మరే పనీ చేయడం నేను చూడలేదు. తమ్ముణ్ణి మాత్రం ఇంజిన్‌ని ముట్టుకోనిచ్చేవాడు కాదు, నువ్వు నడిపేవాడివి, కట్టడం నాకొదిలేయ్ అనేవాడు. నేను పకోడీలు వేసి, టీ కాచి పట్టుకెళితే, ఇద్దరూ నల్లటి చేతులతో ఒకే పళ్ళెంలోంచి తినేవారు. అప్పటికి కూతురు పుట్టి బాలింతగా ఉన్న మరదలు కిటికీలోంచి చూస్తూ, అన్నయ్య మంచివారే వదినా అంది ఒకనాడు. నేను అవునన్నాను. మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను కూడా. కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆయనలో లేని మనిషి ఇన్నాళ్ళకి వచ్చాడనుకున్నాను.

చచ్చిపోయిన ఇంజిన్ అది అని తెలిసి, అంత ఓపికగా ఎవరైనా దానికి నట్లు బిగిస్తారని ఎలా అనుకుంటాం?

బారసాల రోజునే బండికి పూజ అని మా ఆయనే ముహూర్తం పెట్టించాడు. షెడ్డు వాళ్ళనీ, టెల్కో కాలనీ నుంచి తెలిసిన ఇంజనీర్లనీ, వాళ్ళ ఆడవాళ్ళనీ, అందర్నీ పిలిచాడు. ఇంత మందిని ఎందుకండీ అంటే, నీ తమ్ముడి సంబరం కదా అన్నాడు. బిడ్డని ఉయ్యాల్లో వేసి పేరు పెట్టడం అయ్యాక, కొత్త చీర కట్టుకున్న మరదలు పిల్లని ఎత్తుకొని కారు వెనక సీట్లో కూర్చుంది. అలా బిష్టుపూర్ గుడి దాకా తీసుకెళ్ళి తీసుకొస్తానని తమ్ముడు దానికి మాటిచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాము. కొబ్బరికాయ కొట్టాము. వాడు కుడికాలు ముందు పెట్టి ఎక్కి, కళ్ళకద్దుకొని, తాళం తిప్పాడు.

టక్కున ఒక చప్పుడైంది. అంతే. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ టక్కు. మా ఆయన మొహం గంభీరంగా పెట్టి, తొయ్యండర్రా అన్నాడు. మగవాళ్ళంతా తోశారు. గేరు వేసేసరికి వెనక చక్రాలు తిరగనే లేదు, నిమ్మకాయల్ని నలిపేసి మట్టిలో ఈడ్చుకుంటూ పోయాయి. లోపల పిల్ల కెవ్వుమంది. తమ్ముడి చొక్కా వీపంతా తడిసిపోయింది, వాడు తాళం తిప్పుతూనే ఉన్నాడు.

అప్పుడు మా ఆయన అందరి మధ్యకీ వచ్చి, మెట్టు మీద నిలబడి, ఆ కథ మొదటిసారి చెప్పాడు. వ్యాపారి గొంతు ఒకటి, తమ్ముడి గొంతు ఒకటి, మార్చి మార్చి చెప్పాడు. వాడు ఇంజిన్ నెత్తిన చెయ్యేసిన తీరు కూడా చేసి చూపించాడు. మొదట ఒకరు నవ్వారు, ఇక అందరూ నవ్వారు. చదువుకున్న వాళ్ళు, పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్ళు, పొట్ట పట్టుకొని నవ్వారు. ఒకావిడ నా భుజం మీద తల ఆనించి నవ్వింది. అమాయకుడు పాపం అంది. మీలో ఎవరెవరు ఆ రోజు ఆ పెరట్లో ఉన్నారో నాకు తెలుసు. పేర్లు చెప్పను.

“దిగరా బామ్మర్దీ,” అన్నాడు మా ఆయన. “ఇంకేటి కూసున్నావు? బండి కూసుంది, నీ బతుకూ కూసుంది.”

తమ్ముడు దిగాడు. భార్యని దింపాడు. వచ్చినవాళ్ళకి ఇంకా వడ్డన అవలేదని గుర్తొచ్చి, చేతులు కడుక్కొని, మంచినీళ్ళ జగ్గు పట్టుకొని పంక్తిలో చివరి దాకా తిరిగాడు. ఆయన పెట్టిన షరతు ఉత్తదేమో, నవ్వుకే అన్నాడేమో అని నేను మధ్యాహ్నమంతా చూశాను. సాయంత్రం మా ఆయన తనే రిక్షా పిలుచుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

స్టేషనుకి నేను వెళ్ళాను. రైలు ఆలస్యం. మరదలు ట్రంకు పెట్టె మీద కూర్చొని పిల్లకి పాలిస్తున్నది. బెంచీ ఖాళీగానే ఉంది, కూసోరా, ఎంతసేపు నిలబడతావు అన్నాను.

“వద్దప్పా,” అన్నాడు నా తమ్ముడు. “నేను కూసుంటే మళ్ళీ నవ్వుతారు.”

రైలొచ్చే దాకా అలా నిలబడే ఉన్నాడు. ఆ తర్వాత వాడు ఈ ఊరు రాలేదు. అక్కడ ఎవరి లారీల మీదో పనిచేసి, కూతురికి చదువు చెప్పించి, దాని పెళ్ళి చూడకుండానే పోయాడు. టాటా ఎందుకు వదిలేశావని ఎవరైనా అడిగితే, ఇంజిన్ నప్పలేదు అని మాత్రం చెప్పేవాడట. ఇది కూడా రాయి అమ్మీ, ఆగకు.

ఆ వెంటనే మా ఆయన జుగ్సలాయి వెళ్ళి, ఆ మసి పట్టిన టాక్సీ ఇంజిన్ కొనుక్కొచ్చి, కారులో వేశాడు. అది చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉన్నా గుర్రంలా నడిచింది. ఆయనకి ముందునుంచీ తెలుసు ఏది కొనాలో. అందులో పిల్లలు తిరిగారు, చుట్టాలు తిరిగారు, మీలో కూడా చాలామంది తిరిగారు. నేను మాత్రం ఎక్కలేదు. మొదటిసారి ఆయన తలుపు తీసి కూసోవే అన్నప్పుడు కూసోను అని నడిచి వెళ్ళాను. అలిగిందనుకొని నవ్వాడు. సాక్చి బజారుకైనా, డాక్టరు దగ్గరకైనా, చివరికి మా కూతురి పెళ్ళికైనా, ఆయన కారులో వెళ్ళేవాడు, నేను షిఫ్టు బస్సులో నిలబడి వెళ్ళేదాన్ని. ఖాళీ సీటున్నా నిలబడే వెళ్ళేదాన్ని. కొట్టి చూశాడు, బతిమాలి చూశాడు. పెళ్ళామే ఎక్కని కారు అని షెడ్డులో వాళ్ళు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టాక, ఆ కథ చెప్పడం ఆయన మానేశాడు. అప్పటికే అది మీ నోళ్ళలో పడింది.

ఆయన గుండె పట్టుకొని కూలబడిన రోజు అల్లుడు డ్యూటీలో ఉన్నాడు, పక్కింటి డ్రైవరు వచ్చి ఆ కారే తీశాడు. వెనక సీట్లో ఎక్కించాక, మొహమంతా చెమటతో, పక్కన తట్టి, కూసోవే అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు. మొట్టమొదటిసారి వేళాకోళం లేకుండా నన్నడిగిన మాట అది. నేను ఆ సీటు చూశాను. బారసాల చీరలో మరదలు పిల్లని పట్టుకొని కూర్చున్న చోటు అది. కూసోను అన్నాను.

నేను ఆటోలో వెనకే బయల్దేరాను. కారు రైలు గేటు దాటేసింది, నా ముందు గేటు పడింది. ఎర్రమట్టి రాళ్ళు వేసుకొని గూడ్సు బండి తాపీగా పోతుంటే, అది అయ్యేదాకా నేను చూస్తూ ఉన్నాను. ఆసుపత్రికి చేరేసరికి అయిపోయింది. దారంతా మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడని డ్రైవరు చెప్పాడు. చూడనివ్వు అనుకున్నాను. ఇది పశ్చాత్తాపం అనుకుంటారేమో, కాదు. మళ్ళీ ఆ సీటు నా ముందుకొస్తే మళ్ళీ అదే చెబుతాను.

ఇప్పుడు జుగ్సలాయిలో ఆ గోదాము లేదు, అక్కడ అద్దాల తలుపులతో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. పాత కారుకి ఇంజిన్ వెతికి వేసుకునే ఓపిక ఎవరికీ లేదు, కారుకి కారే మార్చేస్తున్నారు. మన పిల్లలకి బైఠ్ గయా అంటే పుట్టుకతోనే తెలుసు, వాళ్ళని ఆ మాటతో ఎవరూ మోసం చేయలేరు. కూర్చుంది అంటేనే వాళ్ళకి తెలియదు. రేపు మనతో పాటు ఆ తెలుగు మాట కూడా పోతుంది, అది పోయాక ఆ కథ కూడా ఎవరికీ అర్థం కాక చచ్చిపోతుంది. మన భాష పోతుందని మీరంతా సభల్లో బాధపడతారు. నేనూ బాధపడతాను గానీ, ఆ ఒక్క కథ కోసం మాత్రం తొందరగా పోతే బాగుండునని కూడా అనిపిస్తుంది. అందాకా, ఈసారి ఏ పెళ్ళిలోనైనా ఎవరైనా అది ఎత్తుకుంటే, అందులోని బామ్మర్ది ఎవరో, ఆ కారులో గుక్కపట్టిన పసిపిల్ల ఎవరో మీకు తెలిసే నవ్వాలని ఇది రాయిస్తున్నాను.

ఏటమ్మీ, లేచి నిలబడ్డావేటి? రాత అయిపోయింది గానీ చదవడం ఉంది కదా. ముందు కళ్ళు తుడుసుకో. ఇలా వచ్చి నా పక్కన కూసో. ఏం పర్లేదు, ఎవరూ నవ్వరు, కూసో. ఇప్పుడు మొదటి నుంచీ చదివి ఇనిపించు.